తక్కువ ధర స్మార్టుఫోను: రైతుకు ఎంతవరకు పనికివచ్చును?

కోడెను కొనునపుడు రైతు దాని పండ్లు చూచును, నాలుగడుగులు నడిపించి చూచును, వీలైన కాడి కట్టి చూచును. విత్తనము కొనునపుడు సంచిమీది గడువు తేది చూచును. అట్టి రైతే ఏడెనిమిది వేలు పోసి ఫోను కొనునపుడు మాత్రము పెట్టెపై అచ్చువేసిన పెద్ద అంకెలను, దుకాణదారు చెప్పిన నాలుగు మాటలను నమ్మి ఇంటికి తెచ్చుకొనుచున్నాడు. పదివేల రూపాయలలోపు దొరకు స్మార్టుఫోను సేద్యపు పనులకు ఎంతవరకు సరిపోవును, ఎక్కడ చాలకపోవును, కొనకముందు ఏమేమి పరీక్షింపవలెను అను విషయములు ఈ వ్యాసములో వివరింపబడినవి.

పోల్చి చూచుటకు రెడ్‌మి 9ఎ అను ఫోనును తీసికొందము. ఇది 2020 సెప్టెంబరులో మన దేశములో విడుదలైనది. 2 జీబీ ర్యాము, 32 జీబీ నిల్వ గల రకము నాటి ధర 6,799 రూపాయలు. ఇది నేడు పాతరకమే. అయినను తక్కువ ధర ఫోనులలోని మంచి చెడ్డలు రెండును ఇందులో స్పష్టముగా కనబడును. కొత్తగా వచ్చు రకములలో అంకెలు మారవచ్చునుగాని తూచవలసిన అంశములు ఇవియే.

అసలు అవసరమా?

ఫోనులో మాటలాడుటకు మాత్రమే అయినచో స్మార్టుఫోను అక్కరలేదు. 2004 జనవరి నుండి నడచుచున్న కిసాన్ కాల్ సెంటరు (1800-180-1551) కు ఏ ఫోను నుండియైనను ఉదయము 6 గంటల నుండి రాత్రి 10 గంటల వరకు ఉచితముగా మాటలాడి తెలుగులోనే సలహా పొందవచ్చును. 2022 మార్చిలో వచ్చిన యూపీఐ 123పే మూలముగా మీటల ఫోనుతో కూడ డబ్బు పంపవచ్చును. కావున ఇంటిలో కుమారుని వద్దనో కోడలి వద్దనో ఒక మంచి ఫోను ఉన్నచో, పెద్దవారు మీటల ఫోనుతో సుఖముగా ఉండవచ్చును.

స్మార్టుఫోను అవసరము వచ్చునది చూడవలసిన, చూపవలసిన పనులకు. 2019లో వెలువడిన మేఘదూత్ యాప్‌లో జిల్లా వాతావరణ సూచనను, దానిననుసరించి మంగళ, శుక్రవారములలో ఇచ్చు సేద్యపు సలహాను తెలుగులో చదువుకొనవచ్చును. 2016లో ఆరంభమైన ఈ-నామ్ లో మార్కెట్ యార్డుల ధరలు చూడవచ్చును. పి.ఎం. కిసాన్ లబ్ధిదారులు 2023 నుండి తమ ముఖమును ఫోనుకు చూపి ఈ-కేవైసీ పూర్తిచేసికొను వీలు కలిగినది. ఏండ్ల తరబడి పార, కొడవలి పట్టి వేలిముద్రలు అరిగిపోయిన వారికి ఇది చిన్న మేలు కాదు. అయితే ఈ పనికి ఆధార్ ఫేస్ ఆర్‌డీ అను మరియొక యాప్ కూడ కావలెను. కొనదలచిన ఫోనులో అది పనిచేయునో లేదో ముందుగానే విచారించుకొనవలెను.

బ్యాటరీ

తక్కువ ధర ఫోనులకు గల గొప్ప సుగుణము బ్యాటరీయే. రెడ్‌మి 9ఎ బ్యాటరీ 5,000 మిల్లీ ఆంపియర్ గంటలది. దీనిని విద్యుత్తు లెక్కలోనికి మార్చిన సుమారు 19 వాట్ గంటలు అగును. ఛార్జి చేయునపుడు కలుగు నష్టమును కలుపుకొన్నను, ఒక్క యూనిట్ కరెంటుతో దాదాపు 40 పర్యాయములు ఛార్జి చేయవచ్చును. కాబట్టి కరెంటు ఖర్చు లెక్కింపదగినది కాదు, లెక్కింపవలసినది సమయము. ఈ ఫోనుతో వచ్చు ఛార్జరు 10 వాట్లది మాత్రమే. పూర్తిగా నిండుటకు సుమారు మూడు గంటలు పట్టును.

దీని విలువ తుపాను దినములలో తెలియును. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల వద్ద తీరము దాటినది. అట్టి సమయములలో స్తంభములు పడి పల్లెలకు దినముల తరబడి కరెంటు ఉండదు. ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకము అమలులోనున్నచోట, అందులో నమోదైన రైతు కోసి పొలములో ఆరవేసిన పంట 14 దినములలోపు తుపానుకు తడిసినచో, ఆ నష్టమును 72 గంటలలోపు తెలుపవలెను. 14447 కు ఫోను చేయవచ్చును, యాప్‌లో ఫొటోలతో నమోదు చేయవచ్చును. మూడవనాడు ఫోను చచ్చిపడి ఉన్నచో ఏడాది కష్టమునకు రావలసిన పరిహారము ఆ గడువుతో పాటు పోవును. అందుచేత తుపాను హెచ్చరిక వెలువడగనే ఫోనును పూర్తిగా ఛార్జి చేసి, ఇంటర్నెట్టు ఆపి, తెర వెలుగు తగ్గించి ఉంచుకొనవలెను. టవరుకే కరెంటు లేనపుడు ఎంత ఖరీదైన ఫోనును పనిచేయదని కూడ గుర్తుంచుకొని, సిగ్నలు దొరకిన మొదటి చోటనే నష్టమును తెలిపి, వారిచ్చు నంబరును కాగితముపై వ్రాసికొనవలెను.

2021 నవంబరులో 6,499 రూపాయలకు వచ్చిన జియోఫోన్ నెక్స్ట్ లో బ్యాటరీ 3,500 మిల్లీ ఆంపియర్ గంటలదే. కాని దానిని ఊడదీసి మార్చుకొను వీలు ఉండెను. తెరపై ఉన్నదానిని బిగ్గరగా చదివి వినిపించు సౌకర్యము కూడ దానిలో కలదు. చదువురాని పెద్దలున్న ఇంటికి ఇది ఉపయోగమే.

కెమెరా

ఇక్కడనే రైతు ఎక్కువగా మోసపోవును. పెట్టెపై 13 మెగాపిక్సెళ్లు అని ఉండును. ఆ అంకె ఫొటో ఎంత పెద్దదో చెప్పును గాని ఎంత స్పష్టమైనదో చెప్పదు. చౌక కెమెరా కన్ను చిన్నది. నీడలో తగినంత వెలుగు పట్టలేదు. చేయి కొంచెము కదలినను బొమ్మ మసకబారును.

మొక్కజొన్నలో కత్తెర పురుగును తీసికొనుడు. ఈ పురుగు 2018లో కర్ణాటకలో మొదట కనబడి మన ప్రాంతములకు వ్యాపించినది. లద్దె పురుగుల నుండి దీనిని వేరుపరచు గుర్తులు రెండు: తలపై తలక్రిందులైన ఆంగ్ల ‘వై’ అక్షరము, తోకకు దగ్గర చతురస్రాకారముగా నాలుగు నల్లని చుక్కలు. సుడిలో దాగిన పురుగును అట్లే ఫొటో తీసిన ఈ రెండును కనబడవు. దానిని వెలుపలికి తీసి, తెల్లకాగితముపై ఉంచి, ఉదయపు వెలుతురులో జానెడు దూరము నుండి తీసినచో చౌక ఫోనులో కూడ గుర్తులు తెలియును. బెత్తెడుకంటె దగ్గరకు తెచ్చిన కెమెరాకు చూపు ఆనదు. మన కన్నును అంతే కదా!

మిరపలో చిక్కు ఇంకను ఎక్కువ. తామర పురుగులు ఆశించిన ఆకు అంచులు పైకి ముడుచుకొనును. నల్లి ఆశించిన ఆకు క్రిందికి ముడుచుకొని తిరుగబడిన పడవవలె ఉండును. రెండింటికి మందులు వేరు. ఒక రైతు పంపిన ఫొటోను నేను చాలసేపు తిప్పి తిప్పి చూచితిని. పైనుండి తీసిన బొమ్మ అగుటచే ముడత పైకో క్రిందికో తేలలేదు. మరల ప్రక్కనుండి తీసి పంపుమని కబురు చేయునప్పటికి ఆయన దుకాణములో ఇచ్చిన నల్లి మందు కొట్టివేసియుండెను. ఉన్నవి తామర పురుగులు. మందు ఖర్చు, కూలి, అంతకుమించి విలువైన వారము రోజులు వ్యర్థమైనవి. ఇందులో ఫోను తప్పు సగము, తీసిన తీరు తప్పు సగము. కాబట్టి మొక్క మొత్తము ఒకటి, ఆకును ప్రక్కనుండి ఒకటి, ఆకు అడుగుభాగము ఒకటి, ఇట్లు కనీసము మూడు ఫొటోలు పంపవలెను. 2021-22లో మిరప పూతను నాశనము చేసిన నల్ల తామర పురుగు మిల్లీమీటరు పొడవు మాత్రమే ఉండును. అది ఈ ఫోనులకు అందదు. పూలను తెల్లకాగితముపై తట్టి, కెమెరా ముందు పదిరెట్లు పెద్దదిగా చూపు భూతద్దము ఉంచి తీసినచో కొంత ఫలితముండును.

మరియొక సంగతి. వాట్సాప్ ఫొటోను కుదించి పంపును. పంపునప్పుడు హెచ్.డి. గుర్తును నొక్కుట, లేదా డాక్యుమెంటుగా పంపుట మేలు.

కళ్లము, గాదె

ర్యాము, స్టోరేజి అను రెండు మాటలను పలువురు ఒకటిగా తలచుచున్నారు. స్టోరేజి గాదె వంటిది. సరకు నిలువ ఉండు చోటు. ర్యాము కళ్లము వంటిది. ఆ క్షణమున పని జరుగు చోటు. గాదె ఎంత పెద్దదైనను కళ్లము ఇరుకైనచో నూర్పిడి సాగదు. 2 జీబీ ర్యాములో వాట్సాప్, బ్యాంకు యాప్, కెమెరా ఒకేసారి నడువవు. ఒకటి తెరిచిన మరియొకటి మూతపడును. ఓటీపీ చూచుటకు సందేశములలోనికి పోయి వచ్చునప్పటికి బ్యాంకు యాప్ మొదటికి రావచ్చును. నా అభిప్రాయములో నేడు కొనువారు 4 జీబీకి తక్కువ తీసికొనరాదు. ఇందుకు వెయ్యి రూపాయలు ఎక్కువైనను వెనుదీయవలదు. కెమెరా అంకెలకై ఇచ్చుటకంటె ఇది మేలు. గాదె మాట అట్లు కాదు. మెమరీ కార్డు వేసి ఫొటోలను దానిలోనికి మార్చవచ్చును. రెడ్‌మి 9ఎ లో రెండు సిమ్‌లతో పాటు కార్డుకు వేరే చోటుండుట మంచి గుణము. ఇంటివద్ద ఒక కంపెనీ సిగ్నలు, బోరు వద్ద మరియొక కంపెనీ సిగ్నలు దొరకు ఊళ్లలో రెండు సిమ్‌లు తప్పనిసరి.

5జీ లేదని విచారింపనక్కరలేదు. పొలములో 4జీ సరిగా అందునో లేదో పొరుగువారి ఫోనుతో చూచుకొనుట ముఖ్యము.

ఎండ, నీరు, మందు

చౌక తెర మిట్టమధ్యాహ్నపు ఎండలో కనబడదు. తడిచేతితో పనిచేయదు; ఏలనన ఈ తెర ఒత్తిడిని కాక వేలి విద్యుత్ స్పర్శను గుర్తించును, నీటిబొట్టు దానిని తికమకపెట్టును. తుంపరలను తట్టును అనుట వేరు, కాలువలో పడినను బాగుండును అనుట వేరు. ఛార్జింగు రంధ్రములో దుమ్ము, ప్రత్తి నూగు చేరి వదులగుట సామాన్యము. పురుగుమందు కలుపు చేతులతో ఫోనును ముట్టనేరాదు. చేతులు కడుగుకొన్నను ఫోను కడుగబడదు. ఆ సాయంకాలము అదే ఫోనును పసిపిల్ల చేతికిత్తుము.

గట్లు కొలుచు యాప్‌ల విషయములో ఒక హెచ్చరిక. ఆకాశము తెరిపిగా ఉన్నను ఫోను చూపు స్థానములో సుమారు 5 మీటర్ల వరకు తేడా ఉండవచ్చును. ఎకరము చదరముగా ఉన్నచో ఒక్కొక్క ప్రక్క 64 మీటర్లు. ఒక ప్రక్క గీత 5 మీటర్లు జరిగిన 320 చదరపు మీటర్లు, అనగా దాదాపు 8 సెంట్లు తేడా వచ్చును. మందు మోతాదు అంచనాకు ఇది చాలును. గట్టు తగవుకు చాలదు.

అసలు ఖర్చు

ఫోను ధర ఒకసారి ఇచ్చునది. రీఛార్జి అట్లు కాదు. 28 దినముల గడువంటే ఏడాదికి 12 కాదు, 13 పర్యాయములు. పర్యాయమునకు 299 రూపాయలనుకొన్న ఏడాదికి 3,887, రెండేండ్లకు 7,774. పైన చెప్పిన ఫోను ధరను ఇది దాటిపోయినది. వాయిదాలపై కొనువారు ముందు కట్టునది, నెలనెల కట్టునది, రుసుములు అన్నియు కూడి, రొక్కపు ధరతో పోల్చవలెను.

చౌక ఫోనులకు కంపెనీలు భద్రతా మార్పులను కొద్ది ఏండ్లే పంపును. పిదప యాప్‌లు ఒక్కొక్కటిగా ఆగిపోవును. 2013లో వచ్చిన ఆండ్రాయిడ్ కిట్‌క్యాట్ గల ఫోనులలో వాట్సాప్ 2025 జనవరి 1 నుండి పనిచేయుట మానినది. కాబట్టి పాత ఫోను కొనువారు దానిలో ఆండ్రాయిడ్ ఎన్నవదో, చివరి భద్రతా మార్పు ఏ నెలలో వచ్చినదో సెట్టింగులలో చూడవలెను. రెండేండ్లకు ముందుదైనచో ఆ ఫోనులో బ్యాంకు లావాదేవీలు పెట్టుకొనరాదు.

ఈ ఫోనులలో ప్రకటనలు ఎక్కువ. వాటివెంట మోసములు వచ్చును. పి.ఎం. కిసాన్ పేరుతో వాట్సాప్‌లో వచ్చు ఏపీకే ఫైలును తెరువరాదు. అది ఫోనులోని సందేశములను దొంగిలించి ఖాతా ఖాళీ చేయును. యాప్‌లను ప్లే స్టోరు నుండియే దించుకొనవలెను. డబ్బు మనకు వచ్చుటకు పిన్ను ఎన్నడును అక్కరలేదు, అడిగినవాడు దొంగ. పొరపాటు జరిగినచో వెంటనే 1930 కు ఫోను చేయవలెను. ఎంత త్వరగా చేసిన డబ్బును మధ్యలో ఆపు అవకాశము అంత ఎక్కువ.

దుకాణములో పావుగంట నిలిచి చూచుట మంచిది. ఫోనును బయటికి తెచ్చి ఎండలో తెరను చదువుడు. ఒక ఆకును జానెడు దూరము నుండి ఫొటో తీసి పెద్దదిగా చేసి, ఈనెలు తెలియుచున్నవో లేదో చూడుడు. రెండు సిమ్‌లు వేసి మాటలాడుడు. పెట్టెలో ఛార్జరు ఉన్నదో లేదో అడుగుడు. కొన్ని కంపెనీలు ఇప్పుడు దానిని ఇచ్చుటలేదు. ఊరికి దగ్గరి పట్టణములో మరమ్మతు కేంద్రమున్నదో లేదో విచారించి, ఐ.ఎం.ఇ.ఐ. నంబరు వ్రాసిన రసీదు తీసికొనుడు. ఫోను పోయినపుడు దానిని ఎవరును వాడకుండ ఆపించుటకు ఆ నంబరే ఆధారము.