ట్రైరీమ్ – మసూలా పడవ: తెడ్ల నౌకల నిర్మాణ రీతులు – తులనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతం:
పలకలను బిగించి కట్టిన నౌకను ప్రగతికి, తాళ్ళతో కుట్టిన పడవను వెనుకబాటుకు గుర్తుగా చూడడం పరిపాటి. ప్రాచీన గ్రీకు యుద్ధనౌక ట్రైరీమ్‌ను, ఉత్తరాంధ్ర తీరపు మసూలా పడవను పక్కపక్కన ఉంచి పరిశీలిస్తే ఈ అభిప్రాయం నిలవదు. రెండూ తెడ్లతో నడిచినవే. ఏ నీటిలో, ఏ పనికి అన్నదే వాటి నిర్మాణాన్ని నిర్ణయించింది.

2. ట్రైరీమ్ – ఢీకొట్టే నౌక:
క్రీ.పూ. 480లో సలామిస్ వద్ద పర్షియన్లను ఓడించిన గ్రీకు నౌకాదళానికి ట్రైరీమ్ ప్రధాన బలం. దాని పొడవు దాదాపు 37 మీటర్లు. ఒకదానిపై ఒకటిగా అమర్చిన మూడు వరుసల్లో 170 మంది తెడ్లు వేసేవారు: పై వరుసలో 62 మంది, మధ్య, కింది వరుసల్లో 54 మంది చొప్పున. ముందు భాగంలోని కంచు తొడుగు శత్రునౌక పక్కను చీల్చేది. ఆ దెబ్బకు తానే విరగకుండా, పలకల అంచుల్లో గాడులు తొలిచి, చెక్క బిళ్ళలు దూర్చి, చీలలతో బిగించేవారు. సన్నని పొడవాటి నౌక అలలపై వంగకుండా ఈ కొస నుంచి ఆ కొసకు లావుపాటి తాళ్ళు లాగి కట్టేవారు. 1987లో గ్రీసులో జలప్రవేశం చేసిన ‘ఒలింపియాస్’ పునర్నిర్మాణం మూడు వరుసల తెడ్ల అమరిక ఆచరణసాధ్యమని చూపింది.

3. మసూలా – తాకిడిని ఓర్చుకొనే పడవ:
శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం నుంచి విజయనగరం తీరం మీదుగా భీమునిపట్నం వరకు కెరటాలు నేరుగా ఇసుకపై విరుగుతాయి. పూర్వం ఈ రేవుల్లో ఓడలు దూరంగా లంగరు వేసేవి. సరుకును, మనుషులను ఒడ్డుకు చేర్చే పని మసూలాది. దీనికి లోపల వంపుకర్రల చట్రం ఉండదు. పలకల అంచులకు రంధ్రాలు చేసి, అతుకుల వెంట గడ్డి పేర్చి, కొబ్బరి పీచుతాడుతో కుట్టేవారు. అడుగు నేలను తాకినప్పుడు పలకలు కొద్దిగా కదిలి ఆ తాకిడిని పంచుకొనేవి. బిగుతైన ఓడకు అదే చోట అతుకులు విడిపోయే ప్రమాదం ఉంది. నీరు ఊరడం మసూలా లోపం. అయితే కుట్టు సడలితే విప్పి మళ్ళీ కుట్టుకొనే వీలుంది.

4. ముగింపు:
క్రీ.పూ. 6వ శతాబ్దంలో గ్రీకులు కూడా కుట్టు పడవలు వాడినట్లు ఫ్రాన్సులోని మార్సెయ్‌లో బయటపడిన శిథిలాలు తెలుపుతున్నాయి. బిగింపు ఢీకొట్టడానికి, కుట్టు ఢీని ఓర్చుకోవడానికి తగిన పరిష్కారాలు. వీటిని ఒకే నిచ్చెనపై మెట్లుగా లెక్కించడం తగదు. ఫైబర్ మరపడవల రాకతో కుట్టు తెలిసిన చేతులు తగ్గుతున్న వేళ, ఉత్తరాంధ్ర మత్స్యకారుల పడవ పదజాలాన్ని సేకరించడం తెలుగు పరిశోధకుల తక్షణ కర్తవ్యం.