చేప ఒంటికి ‘చెవులు’!

పట్టుకుందామని నీళ్లలో చెయ్యి పెడితే చాలు, తాకకముందే చేప తుర్రుమంటుంది. దాని ఒంటికి రెండువైపులా తోకదాకా సాగే సన్నటి గీతే ఆ కబురు చేరవేస్తుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే ఆ గీత వెంట జిగురు టోపీలు పెట్టుకున్న కణాల గుత్తులు కనిపిస్తాయి. ఒక్కో కణానికీ నూగులాంటి వెంట్రుకలు. నీరు కదిలితే టోపీతోపాటు అవీ వంగుతాయి. వెంటనే మెదడుకు సంకేతం వెళ్తుంది.

మన లోపలి చెవిలోనూ ఇలాంటి కణాలే ఉంటాయి. పెద్ద శబ్దాలకో, కొన్ని యాంటీబయాటిక్ మందులకో అవి చనిపోతే మళ్లీ పుట్టవు. పోయిన వినికిడి తిరిగిరాదు. అదే వేలెడంత కూడా ఉండని జీబ్రా చేపకైతే రెండుమూడు రోజుల్లోనే కొత్తవి మొలుస్తాయి. పక్కనుండే కణాలే విభజన చెంది ఆ లోటు భర్తీ చేస్తాయి. ఆ కిటుకేంటో పూర్తిగా తెలిస్తే చెవుడుకు మందు దొరకొచ్చన్నది శాస్త్రవేత్తల ఆశ.