‘హాబీ: సంగీతం’ అని రాసి ఊరుకోకండి!

కదిరి బస్టాండ్ దగ్గర టీ కొట్టులో మా బీటెక్ బ్యాచ్ కలిస్తే తైక్కుడం బ్రిడ్జ్ మీద గొడవ ఖాయం. 2013లో కొచ్చిలో పుట్టిన ఈ బ్యాండ్ రాక్, కర్ణాటక సంగీతం, జానపదం అన్నీ కలిపేస్తుంది. ‘స్టేజీ మీద వయొలిన్‌తో అంత హోరెత్తించే గోవింద్ వసంత, ‘జాను’కి అంత నెమ్మదైన సంగీతం ఇచ్చాడేంది?’ అంటాడొకడు. ‘సినిమాలకు పోయి మెత్తబడినాడప్పా’ అంటాడింకొకడు.

ఇంతలా వాదించే నేను, క్యాంపస్ ఇంటర్వ్యూలో ‘హాబీ సంగీతమా? ఏం వింటారు?’ అంటే ‘అన్నీ వింటాను సార్’ అని నీళ్లు నమిలాను. ఉద్యోగం రాలేదు. దానికే పోయిందని కాదు, తెలిసిందే చెప్పలేకపోయానన్న బాధ మిగిలింది.

తర్వాతి ఇంటర్వ్యూకి టీ కొట్టు వాదననే తీసుకెళ్లా. బ్యాండ్‌లో పాట తన ఇష్టం, సినిమాలో కథ అవసరం. ‘96’ (2018)కీ, దాని తెలుగు రూపం ‘జాను’ (2020)కీ గోవిందే సంగీత దర్శకుడు. ‘రోజా’ (1992)కి ముందు రెహమాన్ కూడా చెన్నైలో నెమెసిస్ అవెన్యూ అనే రాక్ బ్యాండ్‌లో వాయించినవాడే. ‘వచ్చిన కోడింగ్‌ని క్లయింట్ అవసరానికి మలచడమూ ఇంతే కదా సార్’ అన్నా. ఈసారి మాటలు ఆగలేదు.

మీరూ ఇష్టమైన బ్యాండ్ ఒకటి ఎంచుకోండి. అందులో ఎవరు, ఎక్కడ, ఎందుకు దారి మార్చారో, దానికీ మీ పనికీ సంబంధమేంటో రెండు నిమిషాలు పైకి చెప్పి చూడండి. చెప్పలేకపోతే రెజ్యూమెలో ఆ లైన్ తీసేయండి.