చవక మోడల్ కారు ఎక్కడికి పోయింది?



గుజరాత్‌లోని సూరత్ నగరానికి ఉత్తరాన, తాపీ నది దాటాక కోసాడ్ అనే ప్రాంతం ఉంది. ముంబయి నుంచి అహ్మదాబాద్ వెళ్లే రైలు మార్గంలో దానికో చిన్న స్టేషన్ కూడా ఉంది. ఒకప్పుడు విడి ఊరు, ఇప్పుడు నగరంలో కలిసిపోయింది. అక్కడ రోడ్డు పక్కన ఒక గంట నిలబడి, వచ్చే పోయే కార్లను నోటు పుస్తకంలో రాసుకున్నారనుకోండి. కొత్త కార్లు వరుసగా కనిపిస్తాయి. పాతవి అక్కడొకటి ఇక్కడొకటి తగలవచ్చు. కాని 1980లలో వచ్చిన, ఏసీ లేని, రేడియో లేని మారుతి 800 స్టాండర్డ్ మోడల్ ఎన్ని కనిపిస్తాయి? కోసాడ్‌కు బదులు కరీంనగర్‌లోనో కాకినాడలోనో నిలబడినా మీ పుస్తకంలో ఆ గడి దాదాపు ఖాళీగానే ఉంటుంది.

ఇందులో ఒక చిక్కు ఉంది. ఖరీదైన వస్తువులు తక్కువగా అమ్ముడవుతాయి కాబట్టి అవి అరుదు అని మనం అనుకుంటాం. మరి అందరికీ అందే ధరకు, వేల సంఖ్యలో అమ్ముడైన వస్తువు అరుదు కావడం ఏమిటి? ఈ పాఠంలో ఆ సంగతి తెలుసుకుందాం. దీనికి మనకు కావలసినవి కొంచెం చరిత్ర, కొంచెం గణితం.

బేస్ మోడల్ అంటే ఏమిటి?

ఒక కంపెనీ ఒకే కారును రెండు మూడు రకాలుగా అమ్ముతుంది. పై డొక్కు, ఇరుసులు, చాలాసార్లు ఇంజను కూడా ఒకటే. తేడా అంతా సామగ్రిలో ఉంటుంది. సీట్ల గుడ్డ, డాష్‌బోర్డు మీది మీటర్లు, రేడియో, ఏసీ, చక్రాల మూతలు, బంపర్ల మెరుపు - వీటిలో ఏవి ఉన్నాయి, ఏవి లేవు అన్నదాన్ని బట్టి ఆ కారును స్టాండర్డ్ అనో డీలక్స్ అనో అంటారు. అన్నిటికన్నా తక్కువ సామగ్రితో, తక్కువ ధరకు వచ్చేదే బేస్ మోడల్.

బేస్ మోడల్‌ను తయారు చేయడం ఇంజనీరుకు సులువైన పని కాదు. దేన్ని తీసేస్తే కారు కారుగానే ఉంటుంది, దేన్ని తీసేస్తే కొనేవాడు మొహం తిప్పుకుంటాడు అన్నది తేల్చుకోవాలి. జపాన్ కంపెనీలు ఈ పాఠాన్ని కష్టపడి నేర్చుకున్నాయి.

జపాన్ నేర్చుకున్న పాఠం

1961లో టొయోటా కంపెనీ పబ్లికా అనే చిన్న కారును విడుదల చేసింది. 697 సీసీ ఇంజను, రెండే సిలిండర్లు. ఇంజను గాలితోనే చల్లబడేది కాబట్టి రేడియేటర్ ఖర్చు కూడా లేదు. బరువు సుమారు 580 కిలోలు. ధర 3,89,000 యెన్లు. సామాన్య కుటుంబానికి కారు అందించాలన్నది ఉద్దేశం. అందుకే హీటర్, రేడియో వంటివి లేకుండా చాలా సాదాగా చేశారు. ఇంజనీరింగ్ పరంగా మంచి కారే. అయినా అనుకున్నంతగా అమ్ముడుపోలేదు. ఎందుకంటే, జీవితంలో మొదటిసారి కారు కొనుక్కునే కుటుంబానికి అది ప్రయాణ సాధనం మాత్రమే కాదు, నలుగురిలో గౌరవం కూడా. 1963లో రేడియో, హీటర్ వగైరా అమర్చిన డీలక్స్ రకం వచ్చాక అమ్మకాలు పుంజుకున్నాయి. పబ్లికా ముఖ్య ఇంజనీరు తత్సువో హసెగావా ఈ అనుభవాన్ని గుర్తుపెట్టుకున్నాడు. ఆయన ఆధ్వర్యంలోనే 1966లో కరోలా వచ్చింది. చవకగా ఉండాలి, కాని చవకగా కనిపించకూడదు అన్న ఆలోచన అందులో కనబడుతుంది.

దీనికి ఎదురుగా నడిచిన ఉదాహరణ 1979 నాటి సుజుకి ఆల్టో. అప్పట్లో జపాన్‌లో ప్రయాణికుల కార్ల మీద ఒక ప్రత్యేక పన్ను ఉండేది, సరకు రవాణా వాహనాల మీద ఉండేది కాదు. సుజుకి కంపెనీ ఆల్టోను చిన్న సరకు వ్యాన్‌గా నమోదయ్యేలా రూపొందించింది. వెనక సీటు ఇరుకు, దాని వెనక సామాను చోటు. అద్దం మీద నీళ్లు చిమ్మడానికి మోటారు లేదు, చేత్తో నొక్కే పంపు పెట్టారు. డ్రైవరు పక్కన కూర్చునే ప్రయాణికుడి వైపు తలుపుకు బయట తాళం రంధ్రం కూడా తీసేశారు. ధర దేశమంతటా ఒకటే, 4,70,000 యెన్లు. అప్పటి పోటీ కార్లు చాలావరకు 6 లక్షల యెన్లకు అటూఇటూ ఉండేవి. ఆల్టో విజయవంతమైంది. పబ్లికాకూ ఆల్టోకూ మధ్య 18 సంవత్సరాలు గడిచాయి. ఈలోగా చాలా ఇళ్లలో మొదటి కారు వచ్చేసింది. పనులకూ సంతకూ వెళ్లడానికి రెండో బండి కావాలనుకున్నవారికి ఆ సాదాతనం లోపంగా కనిపించలేదు.

మన దేశానికి వచ్చిన సాదా కారు

ఇదే ఆల్టో వంశం నుంచి మన దేశానికి మారుతి 800 వచ్చింది. సుజుకి సహకారంతో, ఎస్ఎస్80 అనే జపాన్ నమూనా ఆధారంగా, 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజనుతో దాన్ని తయారు చేశారు. 1983 డిసెంబరు 14న ఢిల్లీలో మొదటి కారు తాళం చెవులను అప్పటి ప్రధాని ఇందిరా గాంధీ హర్‌పాల్ సింగ్ అనే కొనుగోలుదారుకు అందజేశారు. 1986లో కారు రూపం మారి, రెండో తరం నమూనా వచ్చింది. అంటే మొదటి ఆకారంలోని మారుతి 800 మూడేళ్లలోపే తయారైంది. ఆ తర్వాతి నమూనా మార్పులతో కొనసాగుతూ 2014 జనవరిలో ఉత్పత్తి ఆగిపోయింది. మొత్తం మీద 28 లక్షలకు పైగా మారుతి 800లు తయారయ్యాయి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇన్ని లక్షల కార్లలో తొలినాటి స్టాండర్డ్ మోడళ్లు ఎందుకు కనుమరుగయ్యాయి?

లెక్క చెప్పే జవాబు

భౌతిక శాస్త్రంలో మీరు అర్ధాయువు గురించి చదువుకునే ఉంటారు. ఒక రేడియోధార్మిక పదార్థంలో సగం పరమాణువులు విచ్ఛిన్నం కావడానికి పట్టే కాలమే అర్ధాయువు. కార్లకు కూడా దాదాపు అలాంటి లెక్కే వేయవచ్చు.

ఒక కారు డీలక్స్ రకం 10,000, స్టాండర్డ్ రకం 10,000 అమ్ముడయ్యాయనుకుందాం. ఇవి సర్వే అంకెలు కావు, లెక్క అర్థం కావడానికి ఊహించుకున్నవి. డీలక్స్ కార్లలో ఏటా 100కు 92 మిగులుతాయి, స్టాండర్డ్ కార్లలో 100కు 85 మిగులుతాయి అనుకోండి. మొదటి ఏడాది చివర చూస్తే 9,200, 8,500. తేడా పెద్దదేమీ కాదు. పదేళ్లకు డీలక్స్ కార్లు సుమారు 4,344 ఉంటాయి, స్టాండర్డ్ కార్లు 1,969 ఉంటాయి. ఇరవై అయిదేళ్లకు డీలక్స్ కార్లు 1,244, స్టాండర్డ్ కార్లు 172 మాత్రమే. ఏటా 7 శాతం తేడా చివరికి ఏడు రెట్ల తేడాగా మారింది. చక్రవడ్డీ ఎలా పెరుగుతుందో ఇదీ అలాగే, కాకపోతే తలకిందులుగా.

ఇంకో మెట్టు ముందుకు వెళదాం. స్టాండర్డ్ రకం మూడు రెట్లు ఎక్కువగా, అంటే 30,000 అమ్ముడైనా ఇరవై అయిదేళ్లకు మిగిలేవి సుమారు 516. డీలక్స్ కార్లలో అవి సగం కూడా కావు. ఎక్కువగా అమ్ముడైనది అరుదు కావడంలో ఉన్న చిక్కు ఇక్కడ విడిపోతోంది.

అయితే ఒక జాగ్రత్త. యురేనియం పరమాణువు ముసలిదైనా పడుచుదైనా విచ్ఛిన్నమయ్యే అవకాశం ఒకటే. కారు అలా కాదు. వయసు మీద పడేకొద్దీ తుక్కు కొట్టుకు చేరే అవకాశం పెరుగుతుంది. చాలా ముసలిదయ్యాక ఎవరో ముచ్చటపడి దాచుకుంటే ఆ అవకాశం మళ్లీ తగ్గుతుంది. కాబట్టి మన లెక్క దారి చూపించేదే కాని, అదే చివరి మాట కాదు.

85కూ 92కూ తేడా ఎందుకు వస్తుంది?

సాదా కారును కొన్నవారు దాన్ని పనికోసం కొన్నారు. రోజూ తిప్పారు, ఎండలో వానలో నిలబెట్టారు. రెండో చేతికి, మూడో చేతికి అమ్మేటప్పటికి ధర బాగా పడిపోయింది. ఇంజను పని చేయించడానికి షెడ్డులో అయ్యే ఖర్చు కారు ధరను మించిన రోజున యజమాని దాన్ని తుక్కుకు వేశాడు. ఆయన చేసినది తప్పు కాదు, సంసారం నడుపుకునే మనిషి లెక్క అది. అదే మరమ్మతు ఖర్చు డీలక్స్ కారుకు వచ్చినా, దాని ధర ఎక్కువ కాబట్టి బాగుచేయించడమే లాభమనిపిస్తుంది.

రెండో దారి కూడా ఉంది. కారు బతికే ఉంటుంది, బేస్ మోడల్ మాత్రం మాయమవుతుంది. జపాన్‌లో 1983లోనే వచ్చిన కరోలా లెవిన్, స్ప్రింటర్ ట్రూనో కార్లను చూడండి. వీటిలో 1600 సీసీ ట్విన్ క్యామ్ ఇంజను ఉన్న రకానికి ఏఈ86 అని, సాదా 1500 సీసీ ఇంజను ఉన్న రకానికి ఏఈ85 అని గుర్తు. పై డొక్కు దాదాపు ఒకటే. 1995లో మొదలైన ఇనిషియల్ డి అనే బొమ్మల కథ వల్ల ఏఈ86కు కీర్తి వచ్చింది, ధర పెరిగింది. దాంతో ఏఈ85లు కొన్న చాలామంది అందులోని ఇంజను తీసేసి, ఏఈ86 భాగాలు బిగించారు. అలా సాదా రకం తన అన్నగారి వేషం వేసుకుని తన గుర్తింపు పోగొట్టుకుంది. మన దగ్గర కూడా స్టాండర్డ్ మారుతికి షెడ్డులో ఏసీ బిగించడం, చక్రాలు మార్చడం, సీట్లు కొత్తగా కుట్టించడం అందరూ చూసినవే. అందుకే పాత కార్ల గురించి పరిశోధించేవారు పైకి కనిపించే హంగులను నమ్మరు, ఛాసిస్ నంబరునూ మోడల్ గుర్తునూ చూస్తారు.

జహీరాబాద్ బండ్లు

మన తెలుగు నేల మీద కూడా ఇలాంటి కథ ఒకటి ఉంది. 1980లలో హైదరాబాద్ ఆల్విన్ సంస్థ జపాన్‌లోని నిస్సాన్‌తో చేతులు కలిపి, జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్ పేరుతో క్యాబ్‌స్టార్ అనే తేలికపాటి సరకు వాహనాలు తయారు చేసింది. ఆ దశకం చివర్లో ఆ కర్మాగారం మహీంద్రా చేతికి వచ్చింది. ఆ బండ్లు కూరగాయలూ సిమెంటు బస్తాలూ మోసి మోసి అరిగిపోయాయి. సరకు బండిని ముచ్చటకు దాచుకునేవాళ్లు ఎవరుంటారు? ఆల్విన్ పేరు చెబితే పెద్దవారికి ఫ్రిజ్‌లూ గడియారాలూ గుర్తొస్తాయి కాని, ఈ బండ్లు గుర్తొచ్చేవారు తక్కువ.

మిగిలినవాటినే చూస్తే వచ్చే పొరపాటు

దీనివల్ల మనకు నష్టమేమిటి అని మీరు అడగవచ్చు. నష్టం కార్ల సంగతి కాదు, చరిత్ర సంగతి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో ఏబ్రహం వాల్డ్ అనే గణాంక శాస్త్రవేత్త యుద్ధ విమానాల మీద తగిలిన తూటాల లెక్కలను పరిశీలించాడు. ఆ లెక్కలన్నీ తిరిగి వచ్చిన విమానాలవే. ఇంజను దగ్గర తూటాలు తగిలిన విమానాలు తిరిగి రాలేదు కాబట్టి లెక్కలోకే రాలేదు. కనబడుతున్న రంధ్రాలను బట్టి కాదు, కనబడని వాటిని కూడా ఊహించి లెక్క వేయాలని ఆయన పద్ధతి చెబుతుంది. ఉపన్యాసాల కోసం మన దేశానికి వచ్చిన వాల్డ్ 1950 డిసెంబరులో నీలగిరి కొండల్లో జరిగిన విమాన ప్రమాదంలో మరణించాడు.

మ్యూజియంలో మెరిసే డీలక్స్ కార్లే మిగిలితే, 2050లో ఒక విద్యార్థి వాటిని చూసి 1980ల మధ్యతరగతి కుటుంబం ఏసీ కారులో తిరిగేదనుకోవచ్చు. కిటికీ అద్దం చేత్తో తిప్పుకుంటూ నలుగురు కూర్చోవలసిన చోట ఆరుగురు సర్దుకుని పెళ్లికి వెళ్లిన కుటుంబం ఆ బొమ్మలో కనిపించదు. హర్‌పాల్ సింగ్ కారును బాగుచేసి కంపెనీ ప్రధాన కార్యాలయంలో ఉంచారు. సంతోషమే. కాని అది నిలిచింది మొదటి కారు కాబట్టి. వెయ్యో కారుకు, పదివేలో కారుకు ఆ అదృష్టం లేదు.

ఇక్కడ చట్టం కూడా గమనించదగ్గది. 2021లో కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నియమాలను సవరించి, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న సొంత వాహనాలను వింటేజ్ వాహనాలుగా గుర్తించే పద్ధతి తెచ్చింది. వాటికి వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన కారుకు ఆ అర్హత 2033లోనే వస్తుంది. అప్పటిదాకా అది మామూలు ముసలి కారే. 15 ఏళ్ల తర్వాత ఎప్పటికప్పుడు ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఆ ఖర్చు భరించి సాదా కారును నిలబెట్టేవారు కొద్దిమందే.

పాత కార్లన్నిటినీ రోడ్ల మీద ఉంచాలని దీని అర్థం కాదు. వాటి పొగ ఎక్కువ, ప్రమాదంలో రక్షణ తక్కువ. తుక్కుగా మారితే ఆ ఉక్కు మళ్లీ కరిగి పనికొస్తుంది. అది మంచిదే. కొన్నిటిని మాత్రం, అవి ఉన్నవి ఉన్నట్టుగా, నిలుపుకోవాలి. కారును నిలపలేకపోయినా దాని వివరాలను నిలపవచ్చు.

మీరు చేయదగిన పని

మీ వీధిలోనో, బంధువుల ఇంటి వెనక రేకుల షెడ్డులోనో పాత మారుతి ఉందేమో చూడండి. యజమాని అనుమతితో ఆర్.సి. బుక్కులో తయారీ సంవత్సరం, మోడల్ పేరు రాసుకోండి. ఏవి మొదటినుంచీ ఉన్నవి, ఏవి తర్వాత బిగించినవి అని అడిగి రెండు వరుసల్లో పట్టిక వేయండి. నాలుగు ఫోటోలు తీయండి. ఎవరు కొన్నారు, ఎందుకు స్టాండర్డ్ మోడలే కొన్నారు అన్నది ఇంట్లో పెద్దవారిని అడిగి రాయండి. తరగతిలో ముప్పై మంది ఇలా రాస్తే, మీ ఊరి సాదా కార్ల లెక్క ఒకటి తయారవుతుంది.

ఇదే ప్రశ్నను కుట్టు మిషనుకు, కిరోసిన్ స్టవ్వుకు, సూరత్‌లో కొత్త యంత్రాలు రాగానే తుక్కుకు వెళ్లే పాత మరమగ్గానికి కూడా వేసి చూడండి. వాటిలో ఏ రకం మిగిలింది, ఏ రకం పోయింది, ఎందుకు? మీ జవాబుకు కారణాలు రాసి, మీ ఉపాధ్యాయులతో చర్చించండి.