కింది డివిజన్‌కి దిగితే కథ ముగిసినట్టేనా?

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ పై డివిజన్ ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌ల కోసం అర్ధరాత్రి దాకా మేలుకునే కుర్రాళ్లు ఇప్పుడు వేటపాలెం, చీరాల వైపూ ఉన్నారు. పై, కింది డివిజన్ల మధ్య తిరిగే ‘యోయో క్లబ్బు’లంటే మాత్రం చాలామందికి చులకన.

అపోహ: చేతకాని జట్లే కింది డివిజన్‌కి పడిపోతాయి.

వాస్తవం: జర్మనీలో న్యూరెంబర్గ్ క్లబ్బు 1968లో పై లీగ్ బుండెస్‌లిగా విజేత. మరుసటి ఏడే కింది డివిజన్‌కి దిగిపోయింది. 2019 నాటికి బుండెస్‌లిగా నుంచి అలా తొమ్మిదిసార్లు దిగింది. అయినా ఆ క్లబ్బు గెలిచిన తొమ్మిది జాతీయ టైటిళ్లను దాటడానికి బయర్న్ మ్యూనిక్‌కి 1987 దాకా పట్టింది.

అపోహ: యజమానులు డబ్బు తీయకపోవడమే ఈ తిరుగుడికి కారణం.

వాస్తవం: అసలు కారణం రెండు డివిజన్ల మధ్య ఆదాయంలో ఉన్న అగాధం. ప్రీమియర్ లీగ్ నుంచి దిగిన క్లబ్బుకు టీవీ ఆదాయంలోంచి గరిష్ఠంగా మూడేళ్లపాటు ‘పారాచూట్’ సొమ్ము అందుతుంది. దాంతో కింది డివిజన్‌లో దానికి పోటీ తగ్గుతుంది. పైకి వెళ్లాక, ఏళ్ల తరబడి అక్కడే పాతుకుపోయిన క్లబ్బుల ముందు ఆ బలం చాలదు. ఇంగ్లండ్ క్లబ్బు బర్న్‌లీ 2022లో దిగింది, 2023లో 101 పాయింట్లతో ఎక్కింది, 2024లో మళ్లీ దిగింది, 2025లో సరిగ్గా 100 పాయింట్లతో ఎక్కింది. 2023-24లోనూ, 2024-25లోనూ కొత్తగా పైకొచ్చిన మూడు జట్లూ ఆ ఏడే వెనక్కి వెళ్లాయి. ఇన్ని జట్ల యజమానులూ ఒకేసారి పిసినారులయ్యారంటే నేను నమ్మను.

అపోహ: దిగే భయం లేకపోతేనే జట్టుకు మేలు.

వాస్తవం: 2022 మార్చిలో భారత ఫుట్‌బాల్ పై లీగ్ ఐఎస్ఎల్ కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ, 2023-24లో ఒక్క మ్యాచ్ మాత్రమే గెలిచి పట్టికలో అట్టడుగున నిలిచింది. అప్పట్లో కిందికి దింపే నిబంధన లేదు కాబట్టి పై లీగ్‌లోనే ఉండిపోయింది. అదే సీజన్‌లో శ్రీనిధి డెక్కన్ క్లబ్బు దాని కింది అంచె ఐ-లీగ్‌లో వరుసగా రెండోసారి రెండో స్థానం సాధించింది. అప్పుడు పైకి వెళ్లే చోటు విజేతకు మాత్రమే. ఇది శ్రీనిధికి జరిగిన అన్యాయమనే అంటాను. అడుగున ఉన్నవాళ్లు దిగితేనే కదా, కింద కష్టపడ్డవాళ్లకు చోటు దొరికేది!

క్రికెట్‌లో ఆ దారి ఉంది. రెండుసార్లు రంజీ ట్రోఫీ గెలిచిన హైదరాబాద్ 2022-23లో పై అంచె ఎలైట్ నుంచి కింది అంచె ప్లేట్‌కి పడిపోయింది. మరుసటి సీజన్‌లో తిలక్ వర్మ నాయకత్వంలో ఉప్పల్‌లో జరిగిన ఫైనల్లో మేఘాలయను ఓడించి, ప్లేట్ విజేతగా తిరిగి ఎలైట్‌లో అడుగుపెట్టింది.