పట్నం దాహానికి కోదండాపూర్ నీరు

హైదరాబాద్ కుళాయిల్లో వచ్చే కృష్ణా నీరు నల్గొండ జిల్లాలోనే శుభ్రపడుతుంది. నాగార్జునసాగర్ జలాశయం నుంచి పుట్టంగండి వద్ద తోడిన నీరు అక్కంపల్లి జలాశయం మీదుగా కోదండాపూర్ శుద్ధి కేంద్రానికి చేరుతుంది. బిందెలో పటిక తిప్పినట్లే ఇక్కడా పటిక కలుపుతారు. మట్టి ముద్దకట్టి అడుగుకు దిగుతుంది. పైనున్న నీటిని ఇసుక పొరల్లో వడగట్టి క్లోరిన్ కలుపుతారు. ఆపైన మోటార్లు అంచెలంచెలుగా పట్నానికి ఎక్కిస్తాయి.

ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్, మంజీరా నీళ్లు పెరిగిన జనానికి చాలక 2004లో ఈ పథకం మొదలైంది. 2008, 2015లలో మరో రెండు దశలు తోడయ్యాయి. మొత్తం సామర్థ్యం రోజుకు 27 కోట్ల గ్యాలన్లు.

అయితే అంతా సాగర్ మట్టంపైనే ఆధారం. 2024 వేసవిలో నీరు అడుగంటగా పుట్టంగండి వద్ద అత్యవసర మోటార్లు పెట్టి తోడారు. సాగర్ నిండకపోతే ఆయకట్టు రైతుకూ, పట్నం కుళాయికీ దిగులు ఒక్కటే.