గుత్తి స్టేషన్‌లో దొరికిన నీలి సాలీడు

జీవులకు శాస్త్రవేత్తలు పేర్లెలా పెడతారో ముఖచిత్ర కథనం కావాలని సంపాదకులు అడిగారు. గురువారం కల్లా పేజీలు అచ్చుకు వెళ్లాలి. లాటిన్ పేర్లు, వర్గీకరణ పట్టికలు ముందేసుకుని కూర్చుంటే, వాటన్నిటిలో నన్ను కదలనివ్వనిది ఓ సాలీడు చిరునామా. అది మన అనంతపురం జిల్లాదే: గుత్తి రైల్వే స్టేషన్, కలప యార్డు.

ఆ యార్డులో దొరికిన ఒకే ఒక్క సాలీడును 1899లో బ్రిటిష్ మ్యూజియం నిపుణుడు రెజినాల్డ్ పోకాక్ పరీక్షించాడు. కాళ్లు చాపితే అరచేయి నిండేంత పెద్దది. ఒంటిమీద నిగనిగలాడే నీలం, కాళ్లమీద పసుపు మచ్చలు. పొయెసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టి, రూపురేఖలు వర్ణించి, దొరికిన చోటునూ నమోదు చేశాడు. కొత్త జాతికి పేరు పెట్టేటప్పుడు ఇలా ఆధారంగా నిలిపే నమూనాను టైప్ అంటారు. పొలం తగాదా వస్తే సర్వే రాయి దగ్గర్నుంచే గొలుసు పట్టినట్టు, రేపు ఎవరికి ఏ సందేహం వచ్చినా ఆ నమూనా దగ్గరికే రావాలి. వర్ణనలో మాట తేడా పడినా, బొమ్మ సరిగా రాకపోయినా, పేరు మాత్రం ఆ నమూనాతోనే ఉంటుంది.

పోకాక్ పేరు పెట్టాక 102 ఏళ్లపాటు ఆ సాలీడు మళ్లీ శాస్త్రవేత్తల కంటపడలేదు. గుత్తి అంటే కోట, బండరాళ్ల కొండలు, మండే ఎండ. ఈ సాలీడుకు కావలసింది ఆకురాల్చే అడవి, అందులో తొర్రలున్న పెద్ద పెద్ద చెట్లు. పగలంతా తొర్రలో దాక్కుని, చీకటి పడ్డాక పురుగుల వేటకు బయటికొస్తుంది. చివరికి 2001లో అది మళ్లీ కనిపించిన చోటు గుత్తికి దాదాపు 100 కిలోమీటర్ల దూరంలో, నంద్యాల, గిద్దలూరుల మధ్య నల్లమల అడవి. నరికిన దుంగల్లో ఉండిపోయి, కలపతోపాటు రైలెక్కి గుత్తి చేరి ఉంటుందని నిపుణుల అంచనా.

ఈ కథలో నాకు లాటిన్ పేరుకన్నా ఆ యార్డు ప్రస్తావనే ముఖ్యం. పేరు ఆ జీవి ఏదో చెప్పింది గానీ, ఎక్కడ బతుకుతుందో చెప్పలేదు. గుత్తి అని మాత్రమే రాసి ఉంటే, అక్కడి రాళ్ల సందుల్లో ఒకప్పుడు ఉండి అంతరించిపోయిందనుకునే వాళ్లం. కలప అన్న వివరం ఉండబట్టి అడవి గుర్తొస్తుంది, రైలు దారి గుర్తొస్తుంది. ఇలాంటి వివరాలు రాసి మ్యూజియాల్లో పాత నమూనాల పక్కన పెట్టే చీటీలను మన పాఠ్యపుస్తకాలు పట్టించుకోవు. వర్గీకరణ అనగానే పిల్లలచేత రాజ్యం, వర్గం, విభాగం, క్రమం అని వల్లె వేయిస్తాయి. ఆ వరసకన్నా ముందు నేర్పవలసింది చీటీ రాయడమని నా గట్టి నమ్మకం.

చరిత్ర క్లుప్తంగా. స్వీడన్‌కు చెందిన కార్ల్ లిన్నేయస్ 1753లో మొక్కలకు, 1758లో జంతువులకు రెండు మాటల పేర్లను స్థిరపరిచాడు. మొదటిది ప్రజాతి, రెండోది జాతి. జంతువులకో నియమావళి, మొక్కలకో నియమావళి వచ్చాయి. ఒకే జీవికి రెండు పేర్లు పడితే సాధారణంగా ముందు పెట్టిందే చెల్లుతుంది. కొత్త మొక్కను లాటిన్‌లో వర్ణించి తీరాలన్న షరతు 2012లో పోయింది, ఇంగ్లిష్ కూడా చాలు. ఇప్పుడు డీఎన్‌ఏ పరీక్షలు పాత వరసలెన్నింటినో తిరగరాస్తున్నాయి.

బ్రాకెట్ చెప్పే సంగతి
జంతువు శాస్త్రీయ నామం తర్వాత, పేరు పెట్టినవారి పేరు, సంవత్సరం వేస్తారు. వాటికి బ్రాకెట్లుంటే ఆ జాతిని తర్వాత మరో ప్రజాతికి మార్చారని అర్థం. గుత్తి సాలీడుకు బ్రాకెట్లు లేవు: పోకాక్, 1899. మన కడప జిల్లా కలివికోడికి ఉన్నాయి: (బ్లైత్, 1848). అంతరించిందనుకున్న ఆ పక్షి కూడా 1986లో మళ్లీ కనిపించింది.

సాలీళ్లదే ముందు వరస
జంతువుల పేర్లకు లిన్నేయస్ 1758 పుస్తకమే మొదలు. సాలీళ్లకు మాత్రం మినహాయింపు ఉంది. కార్ల్ క్లెర్క్ 1757లో స్వీడన్ సాలీళ్ల మీద వేసిన పుస్తకంలోని పేర్లకు లిన్నేయస్ పేర్లకన్నా ముందు స్థానం ఇచ్చారు.

నీలం వెనుక
ఇలాంటి పెద్ద సాలీళ్ల ఒంటి నీలం రంగు పదార్థం వల్ల వచ్చింది కాదు. వెంట్రుకల్లోని అతిసూక్ష్మ నిర్మాణాలు నీలి కాంతిని వెనక్కి పంపడం వల్ల వస్తుందని 2015లో ఒక పరిశోధన తేల్చింది.

ఇక చీటీకి ఉన్న రెండో ముఖం. 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఐయూసీఎన్ ఈ సాలీడును తీవ్రంగా అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చింది. అప్పటికి అది ఉన్నట్టు తెలిసిన అడవి 100 చదరపు కిలోమీటర్లయినా లేదు. వంటచెరకుకు, కలపకు పెద్ద చెట్లు పోతుంటే తొర్రలూ పోతున్నాయి. పైగా ఆ రంగు చూసి విదేశాల్లో దీన్ని అద్దాల పెట్టెల్లో పెంచుకునేవాళ్లున్నారు. ఈ ప్రజాతి మొత్తాన్నీ 2019లో వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందం రెండో జాబితాలోకి తెచ్చారు. అంటే అనుమతి పత్రాలు లేకుండా దేశం దాటించకూడదు. ఏ చెట్టు, ఏ తొర్ర అని శాస్త్రవేత్త రాసిన వివరం దొంగ చేతిలో పడితే దారి చూపే పటమవుతుంది. అందుకే అరుదైన జీవుల విషయంలో కచ్చితమైన చోటు అచ్చువేయకుండా ఆపే పరిశోధకులు ఉన్నారు. వాళ్లు చేస్తున్నది సరైన పని.

కాబట్టి పాఠకులకు ఒక విన్నపం. అడవిలోనో పొలంలోనో తెలియని జీవి కనిపిస్తే పట్టకండి, చంపకండి. ఫోటో తీసి తేదీ, ఊరు, చెట్టు పేరు, ఎంత ఎత్తున కనిపించిందీ రాసుకోండి. ఆ వివరాలను అటవీశాఖకో, జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకో పంపండి. చోటు పేరుతో సహా వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం పెట్టకండి.